మట్టి పూసిన దూలాలు

గోడలకు అలకడం ఎక్కడైనా ఉంటుంది. మా ఊళ్లో దూలాలకు కూడా అలుకుతారు. దసరా ముందు ఎర్రమన్నులో పేడ, వరి ఊక కలిపి, నిచ్చెన వేసుకుని, నడింట్లో దూలానికి వేలు మందాన పట్టిస్తారు. ఆరాక పైన జాజు, అంటే ఎర్రరంగు, పూస్తారు. కింద నుంచి చూస్తే పాతకాలపు మొద్దు దూలమే అనుకుంటారు. కొత్తగా వచ్చిన కోడలికి అత్త మొట్టమొదట నేర్పే పని ఇదే. ఎందుకని అడిగితే, "మా దిక్కు గంతే" అంటారు.

నాకు పెళ్లయి కామారెడ్డి వెళ్లాక వచ్చిన తొలి దసరాకు అలవాటు కొద్దీ మా అత్తగారిని, "అత్తమ్మా, దూలానికి మట్టి యాడికెల్లి తెస్తరు?" అని అడిగాను. ఆ ఇల్లంతా నవ్వింది. మా ఆయన ఇప్పటికీ ఎవరైనా చుట్టాలొస్తే ఆ ముచ్చట చెప్పి నా పరువు తీస్తుంటాడు. తీయనీ. ఆ దూలం లోపల ఏముందో తెలిస్తే నవ్వు ఆగేది. కానీ అది బయట చెప్పకూడదని నాకు చిన్నప్పుడే చెంపమీద కొట్టి మరీ నేర్పింది మా అవ్వ. అవ్వంటే నన్ను కన్నతల్లి. మా దగ్గర అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం.

మట్టి లోపల ఉన్నది ఇనుము. రైలు పట్టా ముక్క. మా ఇంట్లోనే కాదు, ఊళ్లో పాత ఇండ్లన్నింట్లోనూ.

మా ఊరు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డుకు లోపలగా, అడవి మొదలయ్యే చోట ఉంటుంది. ఒకప్పుడు అడవి నుంచి మా ఊరి పక్కగా రోడ్డు వరకు ఒక చిన్న లైను ఉండేది. దాన్ని కట్టె రైలు అనేవాళ్లు. రోడ్డు పక్కన కట్టె కోసే మిషన్లు ఉండేవి. అడవిలో కొట్టిన మొద్దులు ఆ లైను మీద మిషన్లకు వచ్చేవి. అక్కడ తలుపులు, మంచం కోళ్లు, సామాను పెట్టెలు తయారై కామారెడ్డి స్టేషన్‌కు వెళ్లేవి. తర్వాత లారీలు వచ్చాయి, అడవి పలచబడింది, మిషన్లు మూతపడ్డాయి. నేను పుట్టేసరికి లైను లేదు. అది నడిచిన బాట మాత్రం మిగిలింది. మా ఊరి నుంచి రోడ్డెక్కాలంటే అందరికీ అదే దారి.

నేను అదే రూట్లో బస్సు కండక్టర్ని. రోజూ ఆ బాట మొగదల బస్సాపి మా ఊరి మనుషుల్ని ఎక్కించుకుంటాను, దింపుతాను. కండక్టరు పని మనిషికి ఒక సంగతి నేర్పుతుంది. టికెట్ లేకుండా ఎక్కినవాడు కిటికీ బయటికి చూస్తాడు. అబద్ధం ఆడే మొహం నాకు బస్సు అవతలి చివర నుంచి కూడా తెలుస్తుంది. నా నోరు పెద్దదని డిపోలో అంటారు. పెద్దదే. నిండిన బస్సులో చిన్న నోటితో ఏ పనీ కాదు.

కిందటి వానాకాలం ముందు, ప్లాట్లు చేసి అమ్మే ఒక వెంచరాయన వచ్చాడు. బాటకు రెండు పక్కలా ఉన్న చెలకలు, అంటే మెట్ట చేలు, కొన్నాడు. అవి ఎవరివో వాళ్లు అమ్ముకున్నారు, దానికి నేనేమీ అనను. కానీ ఆయన జేసీబీ పెట్టి చెలకలతో పాటు బాటను కూడా చదును చేయించాడు. చుట్టూ సిమెంటు కడీలు పాతి తీగ బిగించాడు. బాట ఉన్నచోట ఒక ఇనుప గేటు పెట్టి తాళం వేశాడు. అడిగితే, "బాట ఎక్కడుంది? చూపించండి" అన్నాడు. చూపించడానికి చదును నేల తప్ప ఏమీ లేదు.

మాకున్న రెండెకరాల పొలం ఆ గేటుకు అవతల ఉంది. ఊరికీ రోడ్డుకూ మధ్యలో. అవ్వ రోజూ పొద్దున ఆ బాట పట్టుకుని పొలానికి పోయేది. అన్న, వదిన వద్దన్నా వినదు. ఇప్పుడు పొలానికి పోవాలంటే చెరువు కట్ట మీదుగా చుట్టు తిరగాలి. మోకాళ్లు పట్టేసిన ముసలామె ఆ కట్ట ఎక్కి దిగలేదు. ఒకరోజు ప్రయత్నించి మధ్యలో కూర్చుండిపోతే అన్న మోటర్ సైకిల్ మీద తీసుకొచ్చాడు. ఆ వారంలోనే వెంచరాయన మనిషి మా ఇంటికొచ్చి, "ఎట్లాగూ పోలేని పొలం, మాకే ఇయ్యరాదా" అని అడిగాడు. అప్పుడు అర్థమైంది, గేటు ఎందుకు పెట్టాడో. పొలం అడగడానికి ముందు పొలానికి దారి తీసేశాడు. అవ్వ ఆ మనిషికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. మా ఇంట్లో అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

ఊరివాళ్లు తహసీల్ ఆఫీసుకు పోయారు. అక్కడ నుంచి ఒక మేడం విచారణకు వచ్చింది. ఆ రోజు నాకు డ్యూటీ లేదు, నేనూ ఉన్నాను. వయసులో చిన్న, మాటలో నెమ్మది. గేటు దగ్గర నిలబడి అందర్నీ అడిగింది.

"ఇక్కడ పూర్వం కట్టెల రైలు లైను ఉండేదని ఎవరో అన్నారు. అది నిజమైతే ఈ దారి ఎవరి సొంతమూ కాదు, వదిలిపెట్టాల్సిందే. కానీ నాకు ఆనవాలు కావాలి. లైను చూసినవాళ్లున్నారా? పట్టాలు గానీ, ఇంకేమైనా గానీ మిగిలాయా?"

మేడం మా అన్న వైపు చూసింది. అన్న ఊళ్లో కాస్త పెద్దమనిషి లెక్క.

"ఏం పట్టాలు మేడం? మాకు ఎరుక లేదు" అన్నాడు అన్న.

తర్వాత పక్కాయన అదే మాట. ఆ తర్వాత ఇంకో ముసలాయన, "రైలా? ఈడనా? ఎన్నడు లేదు" అని తల అడ్డంగా ఊపాడు. అందరూ నేలచూపులు చూస్తున్నారు. బాట కావాలని అర్జీ పెట్టినవాళ్లే, బాట తమదని తేల్చే ఒకే ఒక్క మాటను తామే మింగేశారు. వెంచరాయన పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. ఆ నవ్వు చూసి నా ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోగా అవ్వ నా చెయ్యి పట్టుకుని పిండింది. అంత గట్టిగా ఆమె నన్ను పట్టుకుని చాలా ఏళ్లయింది.

మేడం, "సరే, నాలుగు రోజులాగి మళ్లీ వస్తాను, ఆలోచించుకోండి" అని వెళ్లిపోయింది. ఆమెకు ఏదో అనుమానం వచ్చిందని నాకనిపించింది. ఆమెకు కూడా కండక్టరు కళ్లున్నట్టున్నాయి.

ఇంటికొచ్చి అన్న మీద విరుచుకుపడ్డాను. "నెత్తి మీద పట్టా పెట్టుకుని పట్టాల్లేవంటవా? సిగ్గుందా నీకు?" అన్నాను.

"ఉన్నయని చెప్తె యాడికెల్లి వచ్చినయంటరు. ఏం చెప్పాలె? ఎత్కొచ్చినమని చెప్పాల్నా? ఊరి మీద దొంగతనం కేసు పెడితె నువ్వు జైలుకు పోతవా?" అన్నాడు.

"దూలం బచాయించుకోనీకి బాట పోగొట్టుకుంటున్రు మీరు."

"నీకేం, కామారెడ్డిల ఉంటవ్."

ఆ మాటకు నాకు నిజంగా ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు. వదిన మధ్యలోకొచ్చి చాయ్ పెట్టింది. అవ్వ అంతసేపూ గడప మీద కూర్చుని దూలం వైపే చూస్తోంది. చాయ్ చల్లారిపోయాక నోరు విప్పింది. నా బతుకులో మొదటిసారి ఆమె నోటి నుంచి కట్టె రైలు గురించి విన్నది ఆ పగటిపూటే.

"ఖాళీ బండ్లను ఎడ్లు గుంజుకపోతుండె, అడివి దాక. మొద్దులేసినంక ఎడ్లక్కర్లేదు. దిగుడు కద, అవే ఉరుకుతుండె. ఎనక మీ బాపు నిలవడి బ్రేకు కర్ర తొక్కుతుండె. మంచిగ ఎండ ఉంటె బాధ లేదు. వానొస్తె పట్టాలు జారుతయ్, ఆకులు వడితె ఇంక జారుతయ్. బ్రేకు పట్టదు. అందుకే బండికి ముంగట మేం ఆడోళ్లం నడుస్తుంటిమి. నడుముకు గంప, గంపల ఇసుక. అటు పట్టా మీద ఓ పిడికెడు, ఇటు పట్టా మీద ఓ పిడికెడు. ఎనకకు చూడొద్దు. ఆగొద్దు. చప్పుడు దగ్గరికొచ్చిందంటె ఇంకింత ఇసుక పొయ్యాలె, గని పక్కకు దుంకొద్దు. ముంగట ఇసుక లేకుంటె బండి మీదున్నోడు చచ్చిపోతడు."

"భయం కాలేదా?" అన్నాను.

"మీ బాపు పానం నా పిడికిట్ల ఉండె. భయపడనీకి టైమేది?" అంది. "మీ అన్న కడుపుల ఉన్నప్పుడు గూడ పోసిన. గంప నడుముకు పట్టకపోతె నెత్తి మీద పెట్టుకున్న."

అన్న తల దించుకున్నాడు. తాను పుట్టకముందే ఆ లైను మీద నడిచాడని ఆయనకు కూడా తెలియదు.

మిషన్లు మూతపడ్డాక యజమానులు ఎటో పోయారట. పట్టాలు గడ్డిలో పడి తుప్పు పడుతుంటే, ఊరి ఇండ్లకు దూలాలు చెదలు తిని కూలుతుంటే, ఒక్కొక్కరూ ఒక్కో ముక్క పీకి తెచ్చుకున్నారు. బాపు, అవ్వ ఇద్దరూ కలిసి మోశారు. ఆ తర్వాత ఒకరోజు జంగ్లాతోళ్లు, అంటే అడవి శాఖ మనుషులు, వచ్చి ఇండ్లు వెతికారు. మా పక్కింటి పెద్దమ్మ మొగుడిని పట్టుకుని, చేతులు కట్టి, ఎల్లారెడ్డి దాకా నడిపించి తీసుకుపోయారు. తిరిగొచ్చిన మనిషి చచ్చేదాకా గట్టిగా మాట్లాడలేదు. ఆ దసరాకే ఊరు దూలాలకు అలకడం మొదలుపెట్టింది.

"గప్పటిసంది మట్టి పూసుకుంటనే ఉన్నం. ఎవలడిగినా ఎరుక లేదంటనే ఉన్నం. నోటికి అదే అలవాటైంది బిడ్డా. ఆ మేడం అడిగింది బాట గురించి. మా చెవులకు దూలం గురించి అడిగినట్టు వినిపించింది" అంది.

నాకప్పుడు అన్న మీద కోపం పోయింది. పోయి వెంచరాయన మీదికి మళ్లింది. మా భయాన్ని ఆయన వాడుకుంటున్నాడని ఆయనకు తెలియకపోవచ్చు. తెలియకపోయినా సరే, నాకు మంటే.

మేడం మళ్లీ వచ్చిన రోజు డిపోలో సెలవు పెట్టి వెళ్లాను. వెంచరాయన ఈసారి ఇద్దరు మనుషులతో వచ్చాడు. గేటు దగ్గర ఊరు మళ్లీ నిలబడింది. మేడం మళ్లీ అదే ప్రశ్న అడిగింది. అవ్వ ముందుకొచ్చింది.

"మేడం, నువ్వు మా ఇంటికి రా" అంది.

"ఎందుకమ్మా?"

"రా. చెప్త."

ఊరంతా వెంట నడిచింది. అన్న ముఖం పాలిపోయింది, కానీ ఆపలేదు. అవ్వ నడింట్లోకి తీసుకెళ్లి, వదినను నిచ్చెన తెమ్మంది. తానే ఎక్కబోతే మోకాలు సహకరించలేదు. నేను ఎక్కాను. చేతికి కొడవలి ఇచ్చింది. "గీకు" అంది. గీకాను. ఏళ్ల తరబడి పూసిన మట్టి పెళ్లలు పెళ్లలుగా నా నెత్తిన రాలింది. లోపల నుంచి ఇనుము బయటపడింది. పట్టా తల, నడుము, అడుగు, అన్నీ కనిపించాయి. గుమ్మంలో ఎవరో అయ్యో అన్నారు.

"ఇగో మేడం. కట్టె రైలు పట్టా. నేను, నా మొగడు మోసుకొచ్చినం. దాని ముంగట ఇసుక పోసింది గూడ నేనే. దొంగనంటె దొంగనే, రాసుకో. గని ఆడ రైలు ఉండె. ఆ బాట మాది" అంది అవ్వ.

వెంచరాయన నెమ్మదిగా ముందుకొచ్చాడు. "మేడం, ఇనుప దూలాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఒక్క ఇంట్లో ఒక్క ముక్క చూసి లైను ఉందంటే ఎలా?" అన్నాడు.

మేడం కూడా కాస్త ఇబ్బందిగా, "అదీ నిజమే అవ్వా. ఒక్కటి చూసి చెప్పలేను" అంది.

అవ్వ ఊరి వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఒక్కొక్కరి ముఖంలోకి చూసింది, అంతే. నాకు నోటి దాకా బూతులొచ్చాయి. ఇంతమందిలో ఒక్కరికైనా నోరు లేదా అనిపించింది.

అప్పుడు మా పక్కింటి పెద్దమ్మ కదిలింది. మొగుడిని చేతులు కట్టి తీసుకుపోతుంటే చూసిన మనిషి. ఊళ్లో అందరికన్నా ఎక్కువ భయపడే హక్కు ఆమెకే ఉంది. ఆమె మేడం దగ్గరికొచ్చి, "మా ఇంట్ల గూడ ఉంది. పెద్దది. రా సూపెడ్త" అంది.

ఆమె వెనకాలే ఇంకో ఇంటామె, "మా ఇంట్ల గూడ" అంది. మా అన్న గట్టిగా, "నేను మొన్న అబద్ధమాడిన మేడం" అన్నాడు. ఆ తర్వాత ఎవరు ఏమన్నారో నాకు గుర్తు లేదు. ఎవరింటికి వాళ్లు పోయారు. కాసేపటికి వాడ మొత్తం గీకుడు చప్పుడు. కొడవళ్లతో, పారలతో, చేతికి ఏది దొరికితే దానితో. తలుపుల్లోంచి ఎర్రటి దుమ్ము బయటికొస్తోంది. పిల్లలు దగ్గుతూ నవ్వుతున్నారు. ఏళ్లుగా దాచిన ఇనుమంతా ఒక్క పూటలో వెలుగులోకి వచ్చింది. మేడం ఇంటింటికీ తిరిగి చూసింది. అన్నీ ఒకే కొలత, ఒకే రకం. బోల్టులు బిగించిన రంధ్రాలు కూడా ఒకేలా ఉన్నాయి.

వెంచరాయన రంగు మారింది. "ఇదంతా దొంగ సొమ్ము! ఊరంతా దొంగలే! పోలీసు కేసు పెడతాను, ఒక్కొక్కరి సంగతి చూస్తాను" అని అరిచాడు.

అవ్వ కొంగుతో మొహం మీద దుమ్ము తుడుచుకుంది.

"పెట్టు. మేం పట్టాలు దొంగిలించినమంటె ఆడ పట్టాలు ఉన్నట్టు. పట్టాలు ఉన్నయంటె బాట ఉన్నట్టు. లైనే లేదంటవా, మరి మేం దొంగలమెట్ల అయితం? రెండిట్ల ఏదో ఒకటి చెప్పు, మేడం రాసుకుంటది" అంది.

మేడం నవ్వు ఆపుకోడానికి తల వంచుకుంది. నేను ఆపుకోలేదు. ఊరంతా వినేలా నవ్వాను.

మేడం, "లైను ఎటు పోయేదో చూపిస్తావా అవ్వా?" అని అడిగింది. అవ్వ కర్ర పట్టుకుని ముందు నడిచింది. గేటుకు ఇవతల కూడా చదును చేసిన నేల మీద ఏ గుర్తూ లేదు, అయినా ఆమె ఎక్కడా ఆగలేదు. ఎక్కడ వంపు, ఎక్కడ దిగుడు, ఎక్కడ మోరీ, అన్నీ చెబుతూనే పోయింది. మోరీ అన్నచోట తవ్విస్తే, లైను కింద నీళ్లు పోయే రాతి కట్టడం బయటపడింది. వెనక మేడం వెంట వచ్చిన ఆఫీసు మనుషులు గుర్తుగా సున్నం పోసుకుంటూ వచ్చారు. మోకాళ్ల నొప్పికి మధ్యమధ్యలో నిలబడేది. అప్పుడు ఊరు నిలబడేది, మేడం నిలబడేది, వెంచరాయన కూడా నిలబడాల్సి వచ్చేది. ఎండ మండిపోతోంది. ఎవరూ తొందరపెట్టలేదు.

సున్నపు గీత సరిగ్గా గేటు మధ్యకు వచ్చి ఆగింది. తాళం అలాగే ఉంది.

"తియ్యి" అంది అవ్వ వాచ్‌మన్‌తో.

వాచ్‌మన్ వెంచరాయన వైపు చూశాడు. వెంచరాయన మేడం వైపు చూశాడు. మేడం, "దారి వదలండి. కడీలు గీతకు అటూ ఇటూ జరిపించండి" అంది. తాళం తీశారు.

పట్టాల మీద కేసు వస్తుందో రాదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. వస్తే రానీ. ఊరంతా ఒకే బస్సెక్కి కోర్టుకు పోతాం, టికెట్లు నేనే కొడతాను.

గేటు తెరిచాక ఎవరైనా చప్పట్లు కొడతారేమో, అవ్వ ఏమైనా మాట్లాడుతుందేమో అని అందరూ ఎదురుచూశారు. ఆమె వెనక్కి కూడా చూడలేదు. గేటు దాటింది, మా పొలం గట్టెక్కింది, పైరు వంక చూసింది. ఇన్నాళ్లూ ఆమె రాక గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది.

"ఇంక ఏమన్న అడిగేదుంటె రేపు రండ్రి. నాకు కలుపున్నది" అంది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, నొప్పికి మూలుగుతూ, వంగి మొదటి గడ్డిదుబ్బు పీకింది.